మా కాఫీ మిషను పుట్టిన ఊరు

మా ఆయనకు కాఫీ పడదు. తాగితే గుండెల్లో మంట. ఈ సంగతి ముందే చెప్పేస్తే మేలు, ఎందుకంటే ఆయన ఎమ్మిగనూరులో బట్టల వ్యాపారం వదిలేసి ఆదోనిలో పెట్టింది కాఫీ హోటలు.

ఆయన మనసు పడింది కాఫీ మీద కాదు, మిషను మీద. డెబ్బైల చివర్లో బెంగుళూరులో ఎవరిదో పెండ్లికి పోయి, అక్కడ ఎస్‌ప్రెస్సో కాఫీ మిషను చూశాడు. నిలువుగా నిలబెట్టిన పెద్ద ఇత్తడి పీపా, పాలలోకి ఆవిరి కొట్టే గొట్టం, కాఫీ పొడి నింపి తిప్పి బిగించే పిడి, నురగ మీద చల్లే చాక్లెట్ పొడి. ఇంటికొచ్చి చేతులు ఊపుతూ, నోటితో ఆవిరి శబ్దం చేస్తూ చూపించాడు. "బుస్సుమంటాది సూడు, రైలింజను కూడా దాని ముందర తక్కువే!" అన్నాడు. "పెండ్లికూతురు ఎట్లుంది?" అని అడిగాను. "ఏ పెండ్లికూతురు?" అన్నాడు.

అదే మోజులో మళ్ళీ బెంగుళూరు పోయి, పాత మిషన్లు బాగుచేసి, పాలిషు పెట్టి అమ్మే ఒక దుకాణంలో ఒకటి కొనుక్కొచ్చాడు. లారీ మీద గడ్డిలో పడుకోబెట్టి తెచ్చారు. ఒంటికి మీగడ రంగు, నెత్తిన రెక్కలు చాపిన ఇత్తడి పక్షి. "ఇటలీది. పెద్ద యుద్ధానికి ముందు చేసింది. ఇట్లాటివి ఇప్పుడు ఇటలీలోనే లేవంట" అన్నాడు మా ఆయన. ఇటలీలో లేనిది బెంగుళూరు సందులోకి ఎట్లా వచ్చిందని నేను అడగలేదు. అడక్కపోవడానికి నా కారణం నాకుంది.

ఎమ్మిగనూరులో మా అత్తగారిల్లు పెద్దది. మగ్గాలు, బట్టల కొట్టు, ముగ్గురు కోడళ్ళు, ఒకే పొయ్యి. ఆ పొయ్యి ముందు మా అత్త. ఆమె చెయ్యి చాపితే గరిటె అందించాలి, ఆమె కన్నెత్తితే నీళ్ళు తేవాలి. పప్పులో ఉప్పు నేను వేస్తే ఆమె రుచి చూసి మళ్ళీ వేసేది, ఆమె వేసింది ఎక్కువైతే అది నా లెక్కలోకి వచ్చేది. చెడ్డ మనిషి కాదు. కానీ పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో నేను కడుపారా తిన్నానా అంటే, అందరూ తిన్నాక తిన్నాను. నాకు వేరు కాపురం కావాలి. సూటిగా చెప్తున్నాను, అంతకు మించి వేరే కోరిక లేదు. మిషను మీద నాకు రవ్వంత నమ్మకం లేకపోయినా, దాన్ని ఆదోనిలో పెడతానని ఆయన అన్న రోజు నేనే దానికి హారతి ఇచ్చాను.

మా మామ ఒప్పుకున్నాడు గానీ మెలిక పెట్టాడు. "పో. జాతర దాకా సూస్తా. ఆ లోపల నీ ఇటలీ పీపా మూలన పడిందనుకో, నేనే లారీ తెస్తా. సామాన్లెక్కించుకోని గమ్మున వచ్చేయాల. జాతరకు కొట్లో మనుషులు సాలరు" అన్నాడు. మా ఆయన మీసం సవరించుకుని సరే అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మిషను ఆరోగ్యం గురించి ఆయన కన్నా నాకే బెంగ ఎక్కువైంది.

ఆదోనిలో పత్తి మార్కెట్టు దారిలో హోటలు, వెనక రెండు గదుల ఇల్లు. పొద్దున నేను బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేసేదాన్ని, ముందు వైపు ఆయన కాఫీ. ఉగ్గానిలో ఎన్ని మిరపకాయలు వేయాలో ఎవరినీ అడగక్కర్లేదు. అందరికన్నా ముందు నేనే ఒక ప్లేటు పెట్టుకుని, గడప మీద కూర్చుని తినేదాన్ని. ఎమ్మిగనూరులో అట్లా తింటే ఇల్లు కూలిపోయేది.

బోర్డు మీద ఆయన "ఇటలీ ఎస్‌ప్రెస్సో కాఫీ" అని ఎర్ర అక్షరాలతో రాయించాడు. పత్తి బండ్లు తోలుకొచ్చిన రైతులు, దలాలీలు, సినిమాకు పోయేవాళ్ళు, నమాజు చేసుకుని వచ్చే షావుకార్లు, అందరూ వచ్చేవాళ్ళు. సగం మంది తాగడానికి, సగం మంది శబ్దం వినడానికి. దేవనకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన గ్లాసు ముందర పెట్టుకుని, "నురగ పోయినాక తాగాల్నా, నురగతోనే తాగాల్నా?" అని అడిగి, జవాబు వచ్చేలోపల నురగంతా మీసానికి పూసుకున్నాడు.

శుక్రవారం శుక్రవారం ఆయన మిషనుకు పూజ చేసేవాడు. మా వైపు త్రాసు నుంచి లారీ దాకా అన్నింటికీ బొట్టు పెడతాం, అందులో వింత లేదు. మిషను పొట్ట మీద అరచేయంత మేర ఉబ్బెత్తుగా ఉండేది. కొన్నప్పుడే అక్కడ గంధం, కుంకుమ పేరుకుని గట్టిపడి ఉన్నాయి. ముందు వాడినవాళ్ళు కూడా అక్కడే పూజ చేశారన్నమాట. మేమూ అక్కడే పెట్టాం. ఆవిరి వేడికి ఆ గంధం ఎండి, మళ్ళీ వారం మళ్ళీ పూసి, అది గోడకు సున్నం పట్టినట్టు పట్టేసింది.

పత్తి సీజను ముమ్మరంగా ఉన్న రోజుల్లో, పిడి బిగించే చోట ఉండే రబ్బరు రింగు చీలింది. చిన్న రింగు. అది లేకపోతే ఆవిరి కాఫీలోకి పోదు, మనుషుల మీదికి పోతుంది. మొదటి దెబ్బకే ఒక దలాలీ తెల్ల చొక్కా మీద కాఫీ రంగు పూలు పూశాయి.

మా ఆయన సైకిలు ట్యూబు కోసి రింగు చేశాడు. కాఫీకి ట్యూబు వాసన వచ్చింది. "ఏమప్పా, కాఫీ కాంచినావా, పంచరేసినావా?" అన్నాడు ఒకాయన. తర్వాత మిల్లు నుంచి తెచ్చిన నారతాడు చుట్టాడు. గ్లాసుల్లో పోగులు తేలాయి. ఆ తర్వాత ఒక రింగు బాగా కుదిరింది, ఐదారు రోజులు మిషను చక్కగా నడిచింది. నేను సంబరపడి కొబ్బరికాయ కొట్టించాను. ఆ సాయంత్రం బజారుకు పోదామని చూస్తే నా చెప్పు ఒకటే ఉంది. రెండోది ఆదోని జనం తాగుతున్నారు.

"ఛీ! పాపం తగులుతాది నీకు!" అని అరిచాను.

"మెల్లగా అనవే, గిరాకీలు వింటారు" అన్నాడు, సిగ్గు లేకుండా.

అదీ కరిగిపోయింది. ఇక లాభం లేదని బెంగుళూరు పోయాడు. మిషను అమ్మిన దుకాణం ఎత్తేశారు. విడిభాగాలు అమ్మేవాడు మాత్రం దొరికాడు. వాడు అడిగింది ఒకటే: ఏ ఊళ్ళో తయారైంది, ఏ ఏడాదిది? ఒక్కో దానికి ఒక్కో కొలత రింగు, అది తెలియకుండా ఇస్తే పనికిరాదన్నాడు. మా ఆయన "ఇటలీ, యుద్ధానికి ముందు" అన్నాడట. "ఇటలీలో ఏ ఊరు? ఏ యుద్ధం?" అన్నాడట వాడు. మనిషి ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

అంతే, మిషను పుట్టుపూర్వోత్తరాలు తేల్చే పని ఆదోనిలో మొదలైంది. ఉచిత సలహాకు మా ఊళ్ళో ఎప్పుడూ కరువు లేదు. వచ్చినవాళ్ళందరిలో గట్టివాళ్ళు ఇద్దరు. ఒకాయన జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసి మానుకున్న ముసలాయన, అందరూ చాచా అని పిలిచేవాళ్ళు. రెండో ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే సారు. ఈయనకు ఒక భూతద్దం ఉండేది, దాన్ని వాడే అవకాశం అంతవరకూ రాలేదనుకుంటాను.

చాచా పానాతో పీపా మీద ఠంగుమని కొట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. "జర్మనీ" అన్నాడు.

"ఇటలీ కదా చాచా" అన్నాడు మా ఆయన, ప్రాణం పోయినట్టు.

"ఆవాజ్ ఇను బేటా. ఇంత దళసరి ఇత్తడి ఇటలీవాడు యాడ పెడ్తాడు? మా మిల్లు బాయిలరుది ఇదే ఆవాజ్. పక్కా జర్మనీ."

"నువ్వు ఇటలీ ఇత్తడి ఎప్పుడు కొట్టినావు చాచా?" అని నేను లోపల నుంచి అడిగాను.

"ఈ పొద్దే, బేటీ. ఇది ఇటలీ కాదు కాబట్టి అదీ లేదు" అన్నాడు.

సారు అట్లా కాదు, శాస్త్రంగా పోదామన్నాడు. ఏటా ఆయుధపూజకు మనవాళ్ళు మిషన్లకు రంగు వేస్తారు కదా, రంగు పూతలు లెక్కపెడితే వయసు తేలుతుందన్నాడు. వినడానికి బాగుంది. బ్లేడుతో వెనకవైపు ఒక మూల గీకి, భూతద్దం పెట్టి పూతలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పైన మీగడ తెలుపు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు. సారు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. "తెలుపు, పచ్చ, ఎరుపు! ఇది ఇటలీ జెండా అప్పా!"

మా ఆయన సారును కౌగలించుకున్నాడు. చాచా కదల్లేదు. "మా గల్లీలో పీర్ల కొట్టానికి కూడా ఇదే పచ్చ కొట్టినారు. అదీ ఇటలీ నుంచే వచ్చిందా?" అన్నాడు. సారు చెవిన పెట్టలేదు. ఎరుపు కింద మళ్ళీ నీలం, దాని కింద మళ్ళీ పచ్చ, ఇంకా లోపలికి పోతూనే ఉన్నాడు. సాయంత్రానికి లెక్క తేల్చాడు. ఆ లెక్క ప్రకారం, ఈ మిషను తయారైన నాటికి ఎస్‌ప్రెస్సో కాఫీ అనేదే లోకంలో లేదు. "అయితే మొదటి మిషను ఇదే అయ్యుంటాది" అన్నాడు మా ఆయన, వినయంగా.

జనం ముందు, వెనక, పక్కల, కింద, పక్షి రెక్కల కింద కూడా గీకారు. పాపం ఆ మిషను గజ్జి పట్టినట్టు తయారైంది. ఒక్క అక్షరం దొరకలేదు. ఆ లోపల ఎమ్మిగనూరు నుంచి మా చిన్న తోడికోడలు తమ్ముడు వచ్చి ఉగ్గాని తింటూ, "అక్కా, మీ మామ లారీ మాట్లాడినాడు. బేస్తవారం వస్తాడంట" అని చెప్పాడు. నోట్లో బజ్జీ పెట్టుకుని, అంత తేలిగ్గా చెప్పాడు.

మధ్యాహ్నం హోటలు ఖాళీగా ఉంది, మా ఆయన సారుతో కలిసి యుద్ధం గురించిన పుస్తకం వెతకడానికి లైబ్రరీకి పోయాడు. నేను మిషను ఎదురుగా బెంచీ మీద కూర్చుని దాన్ని తిట్టాను. నా ఇల్లు నీ వల్ల పోతోంది కదే, నీకు ఊరూ పేరూ లేదా, అని. ఏడ్చాను కూడా. ఏడుస్తూ చూస్తే, మొత్తం ఒళ్ళంతా గీకినా ఒక్క చోటు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. పొట్ట మీద దేవుడి బొట్టు. హిందువులు భక్తితో ముట్టుకోలేదు, చాచా మర్యాద కోసం ముట్టుకోలేదు. మాకు ముందు కొన్నవాళ్ళూ ముట్టుకోలేదు, బెంగుళూరులో రంగులేసినవాడూ దాని చుట్టూతా వేశాడు.

నాకూ చెయ్యి ఆడలేదు మొదట. కానీ దేవుడి దీపం కుందుల్ని వారం వారం చింతపండు పెట్టి తోమేది నేనే కదా! కుందులకు లేని తప్పు దీనికేమొచ్చింది? లోపలికి పోయి చింతపండు, బూడిద, కొబ్బరి పీచు తెచ్చాను. "దేవుడా, కోప్పడొద్దు, మళ్ళీ పెడ్తా" అని చెప్పి, ఇంట్లో ఇత్తడి బిందె తోమినట్టు తోమాను. కుంకుమ కరిగింది, గంధం పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. కింద ఇత్తడి రేకు. రేకు మీద అక్షరాలు.

కన్నడ అక్షరాలు.

మా పుట్టిల్లు కర్ణాటక సరిహద్దు మీది హొళగుంద. నాకు తెలుగు ఎంతో కన్నడ అంతే. చదవడానికి భూతద్దం అక్కర్లేదు. ఫలానా వర్క్‌షాపు, బళ్ళారి. దాని కింద తయారైన సంవత్సరం. అది మా పెండ్లయిన సంవత్సరం.

నేను నవ్విన నవ్వుకు పక్క కొట్టువాడు వచ్చి చూశాడు. బళ్ళారి! పొద్దున ఆలూరు మీదుగా పోయే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే ఊరు. రింగు కోసం సముద్రాలు దాటక్కర్లేదు. నెత్తిన పాలు పోసినట్టయింది నాకు.

మా ఆయనకు మాత్రం ఇంట్లో ఎవరో పోయినట్టయింది. వచ్చి, రేకు చూసి, నేను చదివి చెప్పింది విని, బెంచీ మీద కూలబడ్డాడు. "బాగా చదివినావా? ఇంకోసారి చదువు" అన్నాడు. చదివాను. "ఇటలీలో బళ్ళారి అని ఏదైనా ఊరుంటాదేమో" అన్నాడు.

"ఆ ఊళ్ళో కన్నడం మాట్లాడ్తారా?"

"సారును అడుగుదాం" అన్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కుపోయి బస్సు ఎక్కించాను.

బళ్ళారిలో ఆ వర్క్‌షాపు యజమాని పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడతాడు. మిషను ఆనవాళ్ళు చెప్పగానే, "ఓహో, గరుడప్పనా! ఇన్నూ బతికి ఉందా?" అని చేతులు చరిచాడు. ఒక పుస్తకంలో ఇటలీ మిషను బొమ్మ చూసి తయారుచేశాడట. బొమ్మలో నెత్తిన గద్ద ఉంది. గద్దకు అచ్చు ఎక్కడ దొరుకుతుంది? వాళ్ళ బామ్మర్ది గుడి వాహనానికి పోసిన గరుత్మంతుడి అచ్చు ఉంటే, దాంట్లో పోశారు. "ముఖము స్వల్ప శాంతంగా వచ్చింది, అంతే" అన్నాడు. ఆ పక్షి ముఖంలో అంత భక్తి ఎందుకుందో నాకప్పుడు అర్థమైంది. రంగులన్నీ ఎవరు వేశారని అడిగితే, బెంగుళూరువాళ్ళు సొట్టలు కనపడకుండా ఒకే వారంలో డబ్బాలో ఏది మిగిలితే అది కొట్టుంటారని నవ్వాడు. దళసరి రబ్బరు పలక తీసి, కొలతైనా చూడకుండా రింగులు కోసి తీగకు గుచ్చి ఇచ్చాడు. "ఇటలీవాడు వచ్చి నా దగ్గర నేర్చుకోవల్ల" అని కూడా అన్నాడు. మా ఆయన ఆ మాటకు కాస్త తేరుకున్నాడు.

రింగు సరిగ్గా కూర్చుంది. మిషను బుస్సుమంది. మా ఆయన ముందు చేసిన పని, ఆ రేకు మీద అరచేయి మందాన గంధం మెత్తడం. "ఎవురితోనూ అనొద్దు. బోర్డు పోతాది, మర్యాద పోతాది" అన్నాడు. బోర్డు సంగతి నాకెందుకు, నా ఇల్లు నిలబడింది చాలు అనుకున్నాను.

బేస్తవారం లారీ వచ్చి హోటలు ముందు ఆగింది. మా మామ దిగాడు. వెనకే మా అత్త దిగింది. సామాన్లు సర్దడంలో నేను ఏం వదిలేస్తానో అని ఆమె స్వయంగా వచ్చింది. లోపల జనం కిక్కిరిసి ఉన్నారు. చాచా, సారు జర్మనీకీ ఇటలీకీ మధ్య వాదులాటలో ఉన్నారు. మా మామ బెంచీ మీద కూర్చుని ఒక గ్లాసు తాగాడు, నురగ తుడుచుకున్నాడు, మిషను వైపు చూసి అడిగాడు. "నిజం సెప్పు. యాడిదిరా ఇది?"

మా ఆయన గ్లాసు తుడవడం ఆపాడు. లోకంలో ఎవరికైనా అబద్ధం చెప్తాడు గానీ తండ్రికి చెప్పలేడు. "బళ్ళారిది, నాయనా" అన్నాడు.

సారు భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. చాచా, "నేను ముందే సెప్పినా, ఇటలీ కాదని" అన్నాడు. మా మామ మాత్రం తొడ చరిచి నవ్వడం మొదలుపెట్టాడు. "ఓరి నీ! నేను ఎమ్మిగనూరు దుప్పట్లను షోలాపూరువని అమ్మి నిన్ను సాకినా. నువ్వు బళ్ళారి కాఫీని ఇటలీదని అమ్ముతాండావు. యాపారం నేర్చినావు పో! ఉండు ఈడనే" అన్నాడు. మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. గెలిచాను, నా వేరు కాపురం నాకు మిగిలింది.

మామ లేచి లారీ ఎక్కాడు. "రా, పోదాం" అని మా అత్తను పిలిచాడు. ఆమె లేవలేదు. రెండు చేతులతో కాఫీ గ్లాసు పట్టుకుని, మూలన కూర్చుని, చివరి గుక్క దాకా నింపాదిగా తాగింది.

"పొద్దు పోతాంది, రా" అని మామ కేకేశాడు.

"నువ్వు పో. నేను ఈడనే ఉంటా" అంది. తర్వాత నా వైపు తిరిగి, చిన్న గొంతుతో, "అమ్మీ, పెండ్లయి వచ్చినప్పటి నుంచి ఎంతమందికి కాఫీ పెట్టినానో నాకే తెలీదు. నేను కూసుంటే ఒకరు తెచ్చి సేతికిచ్చింది ఈ పొద్దే" అంది.

లారీవాడు హారను కొట్టాడు. మామ ఒక్కడే వెళ్ళిపోయాడు. ఈమె నుంచి తప్పించుకోవడానికే కదా నేను ఇంత పోరాడింది, దేవుడి బొట్టు కూడా గీకింది! కోపం రావాలి. నిజంగా కొంచెం వచ్చింది కూడా. కానీ ఆమె ఖాళీ గ్లాసును ఎవరికివ్వాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తీరు చూశాక, దగ్గరికి పోయాను. ఆ గ్లాసు ఆమె ఒళ్ళో నుంచి తీసుకుని, "ఇదో, అత్తకు ఇంకొకటి కొట్టు, నురగ ఎక్కువ పెట్టు" అని మా ఆయనకు చెప్పాను.